పాత ఆటోమేటిక్ కారుకు గేర్ ఆయిల్ మార్చాలా, వద్దా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరి వృత్తిలోంచి వాళ్లు పదిమందికీ పనికొచ్చే మాట ఒకటి చెప్పండి అన్నారు నిర్వాహకులు. నాకు ముందు మాట్లాడిన డాక్టర్ అన్నయ్య గుండె గురించి చెప్పారు. బ్యాంకు అక్కయ్య పెన్షన్ గురించి చెప్పారు. నాది కార్ల రిపేరు షెడ్డు. కాబట్టి నేను నూనె గురించి చెబుతాను. ఇంజన్ ఆయిల్ గురించి కాదు. అది అందరూ మారుస్తారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఉండే నూనె గురించి. దాన్ని ఏటీఎఫ్ అంటాం.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మనలో చాలామంది పది పన్నెండేళ్ల కిందట మోకాళ్ల నొప్పి వల్లో, ట్రాఫిక్ భయం వల్లో ఆటోమేటిక్ కార్లు కొన్నారు. ఆ కార్లు ఇప్పుడు లక్ష, లక్షన్నర కిలోమీటర్లు దాటాయి. వాటిని పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇన్నేళ్లూ గేర్ ఆయిల్ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందట కదా, నిజమేనా?" కొందరు ఈ భయంతోనే ఇంకో యాభై వేలు తిప్పి, చివరికి గేర్‌బాక్స్ పోగొట్టుకున్నారు. నూనె మార్పించడానికయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పించి బాగు చేయించాలంటే చాలా కార్లకు లక్ష దాటుతుంది. అందుకే ఈ భయంలో నిజమెంత, పొరపాటు ఎంత అన్నది విడదీసి చెబుతాను.

ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోండి

క్లచ్ పెడల్ లేని బండ్లన్నీ ఒకటి కావు. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో మొదలై బాగా వ్యాపించిన ఏఎంటీ రకంలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. దానికి పోసేది మామూలు గేర్ ఆయిల్, ఏటీఎఫ్ కాదు. సీవీటీ రకంలో రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. దానికి దాని సొంత నూనె తప్ప ఇంకేదీ పనికిరాదు. డ్యూయల్ క్లచ్ రకం వేరు. అందులోనూ క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉండేవి, పొడిగా ఉండేవి అని రెండున్నాయి. నాలుగోది టార్క్ కన్వర్టర్ రకం. పాత కరోలా, పాత కామ్రీ, 2008 నుంచి 2013 వరకు వచ్చిన హోండా సిటీ ఆటోమేటిక్, ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, ఇవన్నీ ఈ రకానివే. నేను ఇవాళ చెప్పేది ఈ నాలుగో రకం గురించి.

ఆ నూనె చేసే పని

ఇంజన్ ఆయిల్ ముఖ్యంగా రాపిడి తగ్గించడానికి. ఏటీఎఫ్ పని అంతకంటే చాలా ఎక్కువ. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒక్కదాని స్విచ్ వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్ అలాంటిదే. గాలి బదులు నూనె. ఇంజన్ శక్తి చక్రాల వైపు వెళ్లేది ఈ నూనె గుండానే. ఇది మొదటి పని.

ఇక రెండోది. గేరు మారాలంటే లోపల క్లచ్ ప్లేట్ల కట్టలు బిగుసుకోవాలి, వదులు కావాలి. వాటిని బిగించేది నూనె ఒత్తిడే. తొమ్మిదో తరగతిలో మాస్టారు రెండు సిరంజీలు, ఒక ట్యూబు పెట్టి చూపించిన పాస్కల్ సూత్రం ఇక్కడ రోజుకు కొన్ని వందలసార్లు పని చేస్తుంది. బేరింగులకు, పళ్లచక్రాలకు కందెనగా ఉండటం మూడోది. వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదలడం నాలుగోది.

ఐదోది ఎవరూ పట్టించుకోరు గానీ అదే కీలకం. క్లచ్ ప్లేటు జారకుండా పట్టుకోవాలి, అలా అని ఒక్కసారిగా పట్టి కుదుపు ఇవ్వకూడదు. పట్టు, జారుడు రెండూ సరైన పాళ్లలో ఉండాలి. అందుకోసం నూనెలో ప్రత్యేకమైన రసాయనాలు కలుపుతారు. 1970 దశకం మొదటి వరకు అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారంటే మీరు నమ్మరు. తిమింగలాలను కాపాడటానికి అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించాక, రసాయన శాస్త్రవేత్తలు బదులు పదార్థాలు తయారు చేసుకోవలసి వచ్చింది. ఒక్కో కంపెనీ నూనె ఒక్కోలా ఉండటానికి పెద్ద కారణం ఈ పాళ్లలో తేడాయే.

నూనె ఎలా పాడవుతుంది

నూనెకు మొదటి శత్రువు వేడి. కెమిస్ట్రీ మేడమ్ గారు చెప్పిన మాటే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపు అవుతుంది. నూనె ఆక్సీకరణకూ ఆ లెక్కే వర్తిస్తుంది. మే నెలలో సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్‌లోనో ఏసీ వేసుకుని అంగుళం అంగుళం కదిలే బండిలో, టార్క్ కన్వర్టర్ లోపల నూనె చిలికినట్టు తిరిగి వేడెక్కుతుంది. ముందుకు పోతే కూలర్‌కు గాలి తగులుతుంది. ఇక్కడ అదీ లేదు. హైవే మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి, ఊళ్లో లక్ష తిరిగిన బండి ఒకటి కావు.

రెండో శత్రువు క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి. అది సహజం, ప్రతి గేరు మార్పుకీ కాస్త రాలుతుంది. కొంత ఫిల్టర్‌లో ఆగుతుంది. ఇనుప రజను ఛాంబర్ అడుగున ఉన్న అయస్కాంతాలకు పడుతుంది. మిగిలింది నూనెతో పాటు వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో తిరుగుతుంది.

"మా బండి పుస్తకంలో లైఫ్‌టైమ్ ఆయిల్ అని రాశారు, మార్చక్కర్లేదు" అని కొందరు చూపిస్తారు. ఎవరి లైఫ్ అన్నది అందులో రాయరు. చాలా కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో నూనెను వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమని చెబుతుంది. గేర్‌బాక్స్ చేసినవాళ్ల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

"మారిస్తే పోతుంది" అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది

షెడ్లలో చెప్పుకునే వివరణ ఇది. "పాత నూనెలో ఉన్న పొడే క్లచ్ ప్లేట్లకు పట్టు ఇస్తోంది. కొత్త నూనె పోస్తే అది కడిగేస్తుంది, ప్లేట్లు జారతాయి." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. రాలిన పొడి ఆధారంతో నడిచే క్లచ్ అంటే, దాని పొర అప్పటికే అయిపోయిందని అర్థం. ఆ బండికి నూనె మార్చినా రోజులే, మార్చకపోయినా రోజులే.

ఆ మాట ఎలా పుడుతుందో నా కళ్ల ముందు జరిగిన సంగతి చెబుతాను. ఒకాయన బండి తెచ్చారు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రేస్ అవుతోంది గానీ బండి లాగడం లేదు. డిప్‌స్టిక్ తీస్తే నూనె మట్టం సరిగ్గానే ఉంది, కానీ నల్లగా, మాడిన వాసన. వేలికి రాసి చూస్తే గరుకు. "క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి సార్, నూనె మారిస్తే డబ్బు దండగ. గేర్‌బాక్స్ విప్పాల్సిందే" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, సహజమే. ఇంకో చోట మార్పించుకున్నారు. రెండు వారాలకు బండి ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన నలుగురికీ చెప్పింది, "నూనె మార్చాను, గేర్‌బాక్స్ పోయింది" అని. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో చేరినవాడు పోతే, ఆసుపత్రికి వెళ్లడం వల్లే పోయాడు అన్నట్టు. ఎక్కువమంది బండి మొరాయించాకే నూనె గురించి ఆలోచిస్తారు. అందుకే ఈ కథలు ఇన్ని.

అయితే భయంలో నిజం కూడా ఉంది. మూడు సందర్భాల్లో నూనె మార్చడమే బండికి చేటు చేస్తుంది. ఒకటి, వేరే రకం నూనె పోయడం. రెండు, మట్టం తప్పడం. తక్కువైతే పంపు గాలి పీల్చుకుని ఒత్తిడి పడిపోతుంది, ఎక్కువైతే నూనె నురగ కట్టి మళ్లీ అదే జరుగుతుంది. మూడు, యంత్రం పెట్టి ఒత్తిడితో, పైగా కడిగే ద్రావకాలు పోసి ఫ్లష్ చేయడం. ఏళ్ల తరబడి ఓ మూల కదలకుండా పేరుకున్న మడ్డి లేచి వాల్వ్ బాడీలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. బండి సొంత పంపుతోనే కూలర్ పైపు నుంచి పాత నూనె వదిలి, అంతే కొత్త నూనె పోసే పద్ధతి వేరు. అది నిదానంగా, తెలిసినవాళ్లు చేస్తే ఇబ్బంది లేదు.

మార్చే ముందు చూడాల్సింది

నా దగ్గరికి వచ్చిన బండిని మూడు వరుసల్లో ఏదో ఒక దాంట్లో పెడతాను.

మొదటి వరుస: గేర్లు సాఫీగా పడుతున్నాయి, నూనె ముదురు గోధుమ రంగుకు వచ్చింది, మాడు వాసన లేదు. వెంటనే మార్పించండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా సరే. రంగు ఒక్కటే చూసి బెంబేలు పడొద్దు. కొన్ని నూనెలు కొత్తగా ఉన్నప్పుడే ఎర్రగా ఉండవు. వాసన, గరుకు ఎక్కువ చెబుతాయి.

రెండో వరుస: చిన్న చిన్న లక్షణాలు. రివర్స్‌లో వేస్తే ఒకటి రెండు సెకన్లు ఆలస్యం. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు. 60 కిలోమీటర్ల వేగంలో నిలకడగా పోతుంటే, రోడ్డు మీద వరుసగా వేసిన తెల్ల పట్టీల మీద పోతున్నట్టు వణుకు. ముందు నూనె మట్టం చూడాలి, కారుతోందేమో చూడాలి, స్కానర్ పెట్టి లోపాల కోడ్లు చూడాలి. తరువాత నూనె మార్చాలి. ఆ వణుకు చాలాసార్లు నూనెలో పట్టు రసాయనాలు అరిగిపోవడం వల్లే వస్తుంది, మారిస్తే తగ్గే అవకాశం బాగా ఉంది. కానీ మాట ఇవ్వలేను.

మూడో వరుస: ఇందాక చెప్పిన బండి. మాడు వాసన, జారుడు, ఛాంబర్‌లో మెరిసే ఇనుప తునకలు. దీనికి నూనె మందు కాదు. ఆ డబ్బు రిపేరు కోసం దాచుకోండి.

ఇంకో సంగతి. నూనె రోజ్ మిల్క్ రంగులో కనిపిస్తే బండి స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్‌లో ఉన్న కూలర్ చిల్లు పడి నీళ్లు కలిశాయని అర్థం. ఆ నీళ్లు క్లచ్ ప్లేట్ల పొరను ఊడగొడతాయి.

మార్చే పద్ధతి

డ్రైన్ బోల్టు తీస్తే మొత్తం నూనె రాదు. చాలా బండ్లలో మూడో వంతు నుంచి సగం లోపే వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, సందుల్లో ఉండిపోతుంది. అందుకే ఒకేసారి కాకుండా కొన్ని విడతల్లో మారుస్తాం. దీన్ని లెక్కల మాస్టారు చెప్పిన గుణశ్రేఢిగా చూడండి. సులువు కోసం గేర్‌బాక్సులో మొత్తం 10 లీటర్లు అనుకుందాం. ప్రతిసారీ 4 లీటర్లు వస్తుంది. మొదటిసారి మార్చాక పాత నూనె 60 శాతం మిగులుతుంది. రెండోసారికి 36 శాతం, మూడోసారికి దాదాపు 22 శాతం. ఒక్కో విడతకూ మధ్య వెయ్యి కిలోమీటర్లు నడపండి. మడ్డి ఒక్కసారిగా లేవదు, కొత్త నూనె నెమ్మదిగా పని చేస్తుంది. పాత బండికి ఇదే మర్యాద.

పని వరుస చెబుతాను, మీరు చేయకపోయినా చేయించేటప్పుడు చూస్తారు. బండి సమతలంగా ఉండాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. ముందు నూనె పోసే రంధ్రం బోల్టు వదులవుతుందో లేదో చూడాలి, ఆ తరువాతే డ్రైన్ బోల్టు తీయాలి. పాత బండ్లలో పై బోల్టు బిగుసుకుపోతే, కింద నూనె పోయాక బండి కదలదు. వచ్చిన నూనెను కొలత డబ్బాలో కొలవాలి. ఛాంబర్ విప్పే రకమైతే అయస్కాంతాలు తుడిచి, ఫిల్టర్, గ్యాస్కెట్ మార్చాలి. అయస్కాంతం మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. డ్రైన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. ఎంత వచ్చిందో అంతే పోసి, తరువాత మట్టం సరిచూడాలి.

మట్టం చూసే పద్ధతి ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. కొన్నిట్లో ఇంజన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ చూడాలి. హోండాల్లో చాలావాటికి ఇంజన్ వేడెక్కించి, ఆపిన వెంటనే చూడాలి. కొత్త తరం బండ్లలో డిప్‌స్టిక్కే ఉండదు. నూనె నిర్ణీత ఉష్ణోగ్రతలో, చాలా వాటిల్లో 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు కింద ఒక బోల్టు తీస్తే సన్నగా కారి ఆగాలి. స్కానర్‌తో ఉష్ణోగ్రత చూడకుండా ఈ పని చేసినవాళ్లు ఊహ మీద చేసినట్టే.

నూనె పేరు ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. టయోటాలో పాత వాటికి టైప్ టీ-4, తరువాతి వాటికి డబ్ల్యూఎస్. రెండూ ఎర్రగానే ఉంటాయి, కానీ ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. హోండాలో జడ్-1 బదులు డీడబ్ల్యూ-1 వచ్చింది, ఇది పాత బండ్లకూ పనికొస్తుంది. హ్యుందాయ్‌లో ఎస్‌పీ-3, ఎస్‌పీ-4 వేరు వేరు. "అన్నిటికీ ఇదే పోస్తాం" అని డ్రమ్ము చూపిస్తే, నమస్కారం పెట్టి వచ్చేయండి. తీసిన పాత నూనెను మురుగు కాలువలో పోయనివ్వకండి. దాన్ని శుద్ధి చేసేవాళ్లకు అప్పగించాలి.

ఒక బండి కథ

మన పాఠశాల పూర్వ విద్యార్థే, రిటైరైన ఒక అన్నయ్య సెడాన్ 1,30,000 కిలోమీటర్ల దగ్గర వచ్చింది. ఒక చోట ముట్టుకోవద్దన్నారట. ఇంకో చోట మెషిన్ ఫ్లష్ చేద్దాం అన్నారట. చూస్తే రెండో వరుస బండి. నిలకడ వేగంలో వణుకు, చల్లగా ఉన్నప్పుడు రివర్స్ ఆలస్యం. మాడు వాసన లేదు. జరగగల మంచీ చెడూ చెప్పి, కాగితం మీద రాసి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాం. రెండో విడతకు వణుకు తగ్గింది, మూడో విడతకు పోయింది. రివర్స్ ఆలస్యం మాత్రం అలాగే ఉంది. లోపల ఏదో రబ్బరు సీలు గట్టిపడి ఉండాలి, దాన్ని నూనె బాగు చేయదు. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది. పాత బండి విషయంలో ఇంతకంటే పెద్ద విజయం ఆశించకూడదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు

మీలో చాలామంది పిల్లలు ఎం.ఎస్. చదవడానికి వెళ్లి అక్కడ పాత కార్లు కొంటున్నారు. అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే. లక్ష మైళ్లంటే 1,60,000 కిలోమీటర్లు. ఫోన్‌లో ఈ నాలుగు మాటలు చెప్పండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బండి చూడాలి. డి నుంచి ఆర్‌లో వేస్తే ఎంతసేపటికి పట్టుకుంటుందో గమనించాలి. 40 మైళ్ల వేగంలో నిలకడగా నడిపి వణుకు ఉందేమో చూడాలి. గేర్ ఆయిల్ ఎప్పుడు, ఎందుకు మార్చారో బిల్లు అడగాలి. నూనె తళతళలాడుతూ ఎర్రగా ఉంటే సంబరపడిపోకూడదు. అమ్మడానికి ముందు నిన్ననే మార్చి ఉండొచ్చు. బిల్లు లేకపోతే ఆ బండి నూనె ఎప్పుడూ మార్చలేదని అనుకుని, ఖర్చు లెక్కలో ఈ పని కూడా కలుపుకొని బేరం ఆడాలి.

ఇక చివరిగా, మీరు ఏ షెడ్డుకు వెళ్లినా మూడు ప్రశ్నలు అడగండి. ఏ నూనె పోస్తున్నారు, పేరేంటి? ఎంత వచ్చింది, ఎంత పోశారు? మట్టం ఏ వేడిలో చూశారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడి చేతిలో మీ పాత బండి భద్రంగా ఉంటుంది. మార్చిన తేదీ, కిలోమీటర్లు, నూనె పేరు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. ఆపైన మాన్యువల్‌లో గడువు లేకపోతే, ఊళ్లో తిరిగే బండికి 50 వేల కిలోమీటర్లకొకసారి మార్పించండి.

ఈ ఆదివారం ఖాళీ ఉన్నప్పుడు మాన్యువల్ తీసి మీ బండి ఏ రకమో, నూనె పేరేమిటో చూసి పెట్టుకోండి. గేర్లు సాఫీగా పడుతున్న రోజుల్లోనే వెళ్లండి, మొరాయించేదాకా ఆగకండి.